ఓదెలు నెత్తురు కోసం మాజ్రి దాకా

చంద్రపూర్ వెళ్ళొచ్చానంటే చాలు, పులి కనిపించిందా అని అడుగుతున్నారు. లేదండీ. నేను వెళ్ళింది పులి కోసం కాదు, ఒక మనిషి నెత్తురు కోసం. ఈ మాట మధ్యలో చెబితే వినేవాళ్ళ మొహం మారిపోతోంది. అందుకే ముందే చెప్పేస్తున్నాను.

హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో నా ఉద్యోగం. మనం మింగిన మందు తెల్ల రక్తకణాల లోపలికి పోతోందా లేదా అని చూడటం మా పని. రోగాలతో పోట్లాడే ఈ కణాలకే ఒక్కోసారి రోగం వస్తుంది. ఒక రకం రక్త క్యాన్సర్‌లో, కణం లోపల ఒక ఎంజైము ఆపేవాళ్ళు లేక పనిచేస్తూ, పెరుగు పెరుగు అని కణాన్ని తరుముతూనే ఉంటుంది. దాని నోటికి అడ్డం పడే మాత్ర ఉంది. రోజుకొకటి మింగితే మనిషి మామూలుగా బతుకుతాడు. కానీ మాత్ర గొంతు దిగితే సరిపోదు. కడుపులో కరగాలి, రక్తంలో కలవాలి, ఆపైన కణం గోడ దాటి లోపలికి చేరాలి. కొందరి కణాలు మందును గబగబా లాక్కుంటాయి. కొందరివి వచ్చినదాన్ని వచ్చినట్టే బయటికి నెట్టేస్తాయి.

చంద్రపూర్ దగ్గరి మాజ్రి బొగ్గు గనిలో పనిచేసే ఓదెలు ఆ మాత్ర మీద ఉన్న మనిషి. వాళ్ళ నాన్న పెద్దపల్లి వైపు నుంచి గని పనికి పోయి అక్కడే స్థిరపడ్డాడు. ఓదెలు మందు కోసం మా పక్కనున్న ఆసుపత్రికి వచ్చేవాడు. ఎన్నాళ్ళు వాడినా రోగం తగ్గలేదు, ఈమధ్య పెరిగింది కూడా. చివరిసారి వచ్చినప్పుడు పెద్ద డాక్టరు గారికి విసుగొచ్చింది. నువ్వు మాత్రలు మింగడం లేదు, పారేస్తున్నావు, అని నలుగురిలో అనేశారు. ఆ నలుగురిలో మాజ్రి మనిషి ఒకడున్నాడట. ఓదెలు లేచి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు.

ఇంకొక్క పరీక్ష ఇలాగే వస్తే మాత్ర ఆపేయాలన్నారు డాక్టరు గారు. ఆ తర్వాత మిగిలేది ఎముక మూలుగ మార్పిడి. ఓదెలుకు సరిపోయే మూలుగ వాళ్ళింట్లో ఎవరికీ లేదు. అంటే ఏమిటో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. మాత్ర మింగుతున్నది నిజమైతే, మందుకు అడ్డం పడుతున్నదేదో తెలుసుకోవాలి. కణాల తలుపే మూసుకుందేమోనని నా అనుమానం. ఆయన రానంటే నేనే పోతానన్నాను. మా అమ్మ నాది ఉడుంపట్టు అంటుంది. ఆ ముక్క డాక్టరు గారికీ తెలుసు, మారు మాట్లాడకుండా సరేనన్నారు.

బల్లార్షా

సికింద్రాబాదులో రైలెక్కినప్పటి నుంచీ నా ఒళ్ళో ఒక డబ్బా. వేడీ చల్లదనం లోపలికి పోకుండా మందంగా కట్టిన డబ్బా అది. ఈ పరీక్షకు బతికున్న కణాలు కావాలి. తీసిన రక్తం మర్నాటికల్లా మా బల్ల మీదికి చేరాలి. ఎండ తగలకూడదు, ఐసు అసలే తగలకూడదు. చల్లబడితే కణం తలుపులు బిగుసుకుపోతాయి, ఇక ఏ మందునూ సరిగా లాక్కోదు.

ఎదురు సీట్లో మంచిర్యాల పెద్దావిడ చంద్రపూర్ మహంకాళి జాతరకు పోతోంది. చైత్రంలో ఆ అమ్మవారికి మన వైపు నుంచీ జనం బాగా వెళ్తారట. డబ్బాలో ఏముందని అడిగింది. ఏం లేదన్నాను. ఏం లేని డబ్బాను ఒళ్ళో పెట్టుకుని ఇంత దూరం పోయేదాన్ని నన్నే చూసిందట. నాకు సగం సర్వపిండి ముక్క పెట్టి, మతి కుదరడానికి అమ్మవారికి మొక్కుకోమని సలహా ఇచ్చింది. ముక్క కరకరలాడుతూ ఎంతో బాగుంది, సలహా సంగతి నవ్వి ఊరుకున్నాను.

అడవి దాటి, వార్ధా నది దాటి బల్లార్షాలో దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. మాది బెజవాడ. మా ఊళ్ళో ఎండంటే చెమట, తడిసిన జాకెట్టు, చిరాకు. ఇక్కడ చెమటే కనబడదు, పుట్టిన చోటే ఆరిపోతుంది. ఆడా మగా అందరూ కళ్ళు తప్ప మొహమంతా గుడ్డ చుట్టుకున్నారు. ఆటో అతను నా సామాను చూసి, తాడోబా అడవికి పోతారా, పులి చూపిస్తానని హిందీలో మొదలెట్టాడు. వద్దంటే, పోనీ కరెంటు కేంద్రం దగ్గర కూడా తిరుగుతోంది మేడం, చవగ్గా అయిపోతుందన్నాడు.

చంద్రపూర్

ఊరి చుట్టూ గోండు రాజుల కోట గోడ. మన దగ్గర కోటంటే టిక్కెట్టు కొని చూసేది. ఇక్కడ కోట గుమ్మంలోంచే బస్సులు, స్కూటర్లు, పెళ్ళి ఊరేగింపులు నడుస్తున్నాయి. జట్‌పురా గేటు కింద ఇరుక్కున్న ఆటోలో కూర్చుని, రాజుల కాలంలో ఏనుగులు కూడా ఇలాగే హారన్ కొట్టుకున్నాయేమో అనుకున్నాను.

బజారులో ఒక బట్టల కొట్లో మొహానికి కట్టుకునే గుడ్డ అడిగాను. బోర్డు మరాఠీలో ఉంది, బేరం హిందీలో నడిచింది. నేను విసుగ్గా తెలుగులో ఏదో గొణగ్గానే కొట్టాయన కళ్ళు పెద్దవయ్యాయి. గదేంది, ముందే చెప్పద్దా, అని ధర తగ్గించి, చాయ్ తెప్పించాడు. కరీంనగర్ నుంచి వాళ్ళ తాత వచ్చి పెట్టిన కొట్టట. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు గానీ, పిల్లలకు చదవడం రాదని చెప్పాడు. నా చేతిలో ఉన్న తెలుగు పత్రిక తీసుకుని బొమ్మలు చూసి తిరిగిచ్చాడు.

మర్నాడు పొద్దున్నే బండి దగ్గర తర్రీ పోహా తిన్నాను. అటుకుల ఉప్మా అనుకోండి. దాని మీద ఎర్రగా నూనె తేలే శనగల పులుసు పోస్తారు, అదే తర్రీ. ముప్ఫై రూపాయలకు ఆకూ నిండింది, నా కళ్ళూ నిండాయి. గుంటూరు కారం తిని పెరిగిన మనిషినని ధీమాగా రెండోసారి తర్రీ పోయించుకున్నాను. ఆ గొప్పకు ఫలితం మాజ్రి దాకా కడుపులో తెలుస్తూనే ఉంది.

మాజ్రి

బొగ్గు లారీల వెనకాల దుమ్ము తింటూ మాజ్రి చేరాను. గని క్వార్టర్ల వరసలో ఓదెలు ఇల్లు. ముందు వేపచెట్టు, చెట్టు మీద కూడా సన్నటి బొగ్గు పొడి. ఓదెలు పొడుగ్గా, ఎముకలు తేలి ఉన్నాడు. జబ్బు వచ్చాక గనిలోకి దిగడం లేదు, పైన స్టోరులో డ్యూటీ. ఆవేళ సెలవు. నేను ఎవరో చెప్పగానే మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆయన భార్య రాజవ్వ నీళ్ళిచ్చింది. కూతురు జ్యోతి డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల నన్ను మావ్‌షీ అని పిలిచి ఫ్యాను నా వైపు తిప్పింది. మరాఠీలో పిన్ని అన్నమాట. ఆయన మాత్రం గోడ వైపు నుంచి తిరగలేదు. నేను కదల్లేదు. చాయ్ అయింది, ఇంకో చాయ్ అయింది. చివరికి ఆయనే తిరిగి, ఇంత దూరం ఎందుకొచ్చిన్రని అడిగాడు.

చెప్పాను. మీ గని గేటు దగ్గర వాచ్‌మన్లు ఉంటారు కదా, కణానికీ అలాంటివాళ్ళే ఉంటారు, మందును లోపలికి రానిచ్చేవాళ్ళు కొందరు, బయటికి గెంటేవాళ్ళు కొందరు, మీ గేటు దగ్గర ఏం జరుగుతోందో చూడాలి అన్నాను.

"నా మాట నమ్మలే. నా నెత్తురు చెప్తె నమ్ముతరా?" అన్నాడు.

"నమ్మిస్తాను," అన్నాను.

"వీరేశం సేట్ దుకాణం కాడ కూసుంటే అందరు నా మొకమే చూస్తుండ్రు. గవుర్మెంటు మందు పారవోస్తుండని. ఆడికి పోవుడే బంద్ చేసిన. చస్తె చస్త గాని, గా మాట మీద చావ మేడం."

రోగం కంటే ఆ మాటే ఆయన్ని ఎక్కువ తింటోంది. నేను చెప్పింది సగమే విన్నట్టున్నా, చొక్కా చెయ్యి పైకి మడుచుకున్నాడు. ఆ రోజు మాత్ర ఇంకా మింగలేదు. నాకు కావలసిందీ అదే. పక్కనున్న భద్రావతి నుంచి వచ్చిన ల్యాబు కుర్రాడు రక్తం తీసి వెళ్ళాడు. గొట్టాలు డబ్బాలో సర్దుకున్నాను. సాయంత్రం రైలుంది, ఇక జయమే అనుకున్నాను.

భద్రావతి, మళ్ళీ మాజ్రి

రైలుకు టైముంది కదా అని రాజవ్వ పట్టుబట్టింది. భర్త కోసం అంత దూరం నుంచి వచ్చినదాన్ని భద్రావతి నాగదేవుడి దర్శనం కాకుండా పంపనంది. సరేనని డబ్బా చంకన పెట్టుకుంటే, నెత్తురు పట్టుకుని గుళ్ళెకు పోవద్దు, ఇంట్లో పెట్టమంది. ఆమె తోడు రానంది, వంట చెయ్యాలిగా. జ్యోతీ నేనూ వెళ్ళాం. నాగదేవుడికి కొబ్బరికాయ కొట్టి, ఓదెలు కణాలు మందును లాక్కోవాలని మనసులో అనుకున్నాను. ప్రయోగశాలలో ఈ సంగతి చెబితే నవ్వుతారు, నవ్వనీండి.

తిరిగొచ్చేసరికి వరసంతా కరెంటు లేదు. పక్కనే దేశానికంతా కరెంటు వండే బొగ్గు, ఇంట్లో విసనకర్ర. డబ్బా పెట్టిన చోట లేదు. రాజవ్వ నవ్వుతూ, పరేషాన్ కాకు చెల్లె, పైలంగ పెట్టిన అంది. ఎండకు నెత్తురు ఖరాబైతదని, ఇంట్లో ఫ్రిజ్ బంద్ అయిందని, గొట్టాలు తీసి వీరేశం సేట్ కూల్‌డ్రింకుల ఐసు పెట్టెలో పెట్టి వచ్చిందట.

పరుగెత్తాను. ఆ ఎండలో నేను పరుగెత్తడం మాజ్రి జనం ఇప్పటికీ చెప్పుకుంటున్నారని జ్యోతి అంటుంది. వీరేశం సేట్ ఐసు గడ్డల మధ్య, మజ్జిగ పొట్లాల పక్కన, ఓదెలు నెత్తురు చల్లగా పడుకుని ఉంది. సేట్ చాలా గర్వంగా, మీదికెళ్లి ఇంకింత ఐసు వేసిన మేడం, అన్నాడు. నేను దుకాణం మెట్టు మీద కూలబడ్డాను.

కోపం వచ్చిందా అంటే వచ్చింది, ఎందుకు దాచాలి. ఇంటికొచ్చి పెడసరంగా నాలుగు మాటలన్నాను. రాజవ్వ మొహం చిన్నబోయింది. దవాఖానల ఆయనకు ఎక్కించిన నెత్తురు సీసా కూడా ఫ్రిజ్‌లకెళ్లే తెచ్చిన్రు గద చెల్లె, అంది నెమ్మదిగా. నిజమే, బ్లడ్ బ్యాంకులో రక్తం చల్లగానే ఉంచుతారు. అక్కడ కావలసింది ఎర్ర కణాలు. నాకు కావలసింది తెల్ల కణాలు, అవీ ఊపిరితో. ఆ తేడా ఆమెకు ఎవరు చెప్పారు? నేను గుడికి పోతూ, చల్లగా పెట్టొద్దని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

అంతా చూస్తున్న ఓదెలు, నేను వచ్చాక మొదటిసారి నవ్వాడు. "నా నెత్తురును కూడ దుకాణంల కూసోవెట్టిన్రు," అన్నాడు. అందరం నవ్వేశాం. మళ్ళీ ఇస్తారా అని అడిగాను. రేపు పొద్దున షిఫ్టుకు పోయే ముందు తీసుకొమ్మన్నాడు. రైలు టిక్కెట్టు పోయింది, ఆ రోజుకు వాళ్ళింట్లోనే మకాం.

రాజవ్వ వంట

ఎండ దిగగానే భోజనాలకు కూర్చున్నాం. జొన్నరొట్టె, పచ్చిపులుసు, మరాఠీ పద్ధతిలో మసాలా నూరి చేసిన వంకాయ రస్సా. మా వైపు వంకాయలో ఇంత గరం మసాలా వేస్తే మా అత్తగారు గిన్నె తోసేస్తుంది. నేను మూడు రొట్టెలు తిన్నాను. పొద్దున తర్రీతో నేర్చుకున్న బుద్ధి రస్సా దగ్గరికి వచ్చేసరికి మరిచాను.

భోజనం కాగానే జ్యోతి మాత్రల పెట్టె తెచ్చింది. ఓదెలు నా కళ్ళలోకి చూస్తూ మాత్ర నోట్లో వేసుకున్నాడు, నీళ్ళు తాగాడు, నోరు తెరిచి చూపించాడు. సిగ్గుతో నేను తల దించుకున్నాను. అప్పుడు రాజవ్వ వంటింట్లోంచి ఒక బెల్లం ముక్క, ఒక గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. గ్లాసులో నీళ్ళు సన్నగా నురగలు కక్కుతున్నాయి.

"అదేంటక్కా?" అన్నాను.

"ఖాయ్‌చా సోడా నీళ్ళు చెల్లె. గనోళ్ళందరు తాగుతరు. బెల్లంతోని దుమ్ము దిగుతది, సోడాతోని కడుపు సల్లబడ్తది."

వంటసోడా. గని పని నుంచి వచ్చి తిన్నాక ఆ రెండూ పుచ్చుకోవడం రాజవ్వ మామగారి కాలం నుంచీ ఉన్న అలవాటట. మధ్యలో కొన్నాళ్ళు మంట ఎక్కువై ఓదెలు గ్యాసు మాత్రలు వేసుకునేవాడు. ఈ మందు మొదలుపెట్టిన రోజు ఆసుపత్రిలో, గ్యాసు మాత్రలు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పారు. రాజవ్వ ఇంటికి రాగానే ఆ గ్యాసు మాత్రలన్నీ పెంటకుప్పలో పారేసింది. మాత్ర పడ్డాక కడుపు మండుతోందంటే, డాక్టరు మాట జవదాటకూడదని, మాత్ర వెంటనే ఈ సోడా నీళ్ళే చిక్కగా కలిపి ఇస్తోంది. రోజూ, ఒక్క పూట మరవకుండా.

ఈ మాత్ర కరగాలంటే కడుపులో పులుపు ఉండాలి. గ్యాసు మాత్రలు వద్దన్నది అందుకే. సోడా చేసే పనీ అదే, పులుపును చంపేస్తుంది. మాత్ర కడుపులోకి పోతోంది, కరిగేది మాత్రం ఏ కాస్తో. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని ఆసుపత్రిలో ప్రతిసారీ అడిగారు. లేదని వీళ్ళు ప్రతిసారీ నిజమే చెప్పారు. సోడా వీళ్ళకు మందు కాదు, ఉప్పు డబ్బా పక్కన ఉండే వంట సరుకు.

చెప్పక తప్పదు, చెప్పాను. రాజవ్వ గ్లాసు వైపు చూస్తూ నిలబడిపోయింది. "అంటే మందును ఆపింది నేనేనా చెల్లె?" అంది.

ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఆపింది సోడా అక్కా. నువ్వు డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేశావు. సోడా సంగతి వాళ్ళు అడగలేదు," అన్నాను. ఆమె ఏడ్చింది. ఓదెలు ఆ గ్లాసు తీసుకెళ్ళి వేపచెట్టు మొదట్లో పోసి వచ్చి, ఇగ ఏడ్వకు, చెట్టుకు గ్యాస్ వోతది, అన్నాడు. జ్యోతి, బాబా అని నాన్నను కసిరింది గానీ, రాజవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఈరోజు నుంచే సోడా ఆపమన్నారు. అది కూడా అనుమానమే కదా, రుజువేదీ అన్నారు. పొద్దున మళ్ళీ రక్తం తీయించి తెస్తున్నాను అన్నాను.

తిరుగు ప్రయాణం

పొద్దున మళ్ళీ రక్తం తీయించాను. ఈసారి డబ్బా నా ఒళ్ళోంచి దిగలేదు. రాజవ్వ సాగనంపడానికి వచ్చి, డబ్బాను ముట్టుకోవాలా వద్దా అన్నట్టు దూరంగా నిలబడింది. వీరేశం సేట్ దుకాణం ముందు నుంచి పోతుంటే, ఐసు కావాలా మేడం అని అడిగాడు. చేతులెత్తి దండం పెట్టాను. రైల్లో ఒక పెద్దమనిషి నా డబ్బా మీద తన చల్లటి నీళ్ళ సీసా ఆనించబోతే అతన్ని కూడా కసిరాను. ఇంత పొగరు ఆడమనిషిని చూడలేదని పక్కవాళ్ళతో అన్నాడు. నాకేం, నా కణాలు బతికుంటే చాలు.

బతికే ఉన్నాయి. స్టేషను నుంచి తిన్నగా ప్రయోగశాలకు పోయి, ఓదెలు కణాలను మందు కలిపిన ద్రవంలో వేశాం. ఆకలి మీదున్నట్టు లాక్కున్నాయి. గేటు దగ్గర ఏ లోపమూ లేదు, గెంటేవాళ్ళూ లేరు. మందు అక్కడిదాకా చేరితే అవి కాదన్నది ఎప్పుడూ లేదు. నా అనుమానం తప్పు, ఓదెలు మాట ఒప్పు.

అయినా చివరి మాట చెప్పాల్సింది రోగం. సోడా ఆపి కొన్ని నెలలు గడిచాయి. ఓదెలు మాత్రను నీళ్ళతోనే మింగాడు, కారం తగ్గించాడు. మొన్న వచ్చిన పరీక్షలో రోగం బాగా వెనక్కి తగ్గింది. మాత్ర ఆపే మాటే లేదు. డాక్టరు గారు నన్ను పిలిచి, నా ఎదుటే ఓదెలుకు ఫోన్ చేశారు. ఫలితం చెప్పారు. తర్వాత, నువ్వు మందు మింగుతూనే ఉన్నావు ఓదెలూ, ఆరోజు నలుగురిలో నేనన్న మాట తప్పు, అన్నారు.

 

"సార్, జర ఆగుండ్రి," అన్నాడు ఓదెలు. "పెట్టేయకుండ్రి."

చెప్పుల చప్పుడు వినబడింది. దారిలో లారీ హారన్, ఎవరో పలకరించడం, ఎవరో కూల్‌డ్రింకు అడగడం, ఐసు పెట్టె మూత పడ్డ చప్పుడు. నాకు ఆ మూత చప్పుడు బాగా తెలుసు.

"వీరేశం సేట్ దుకాణం కాడున్న సార్. అందరున్నరు. స్పీకర్ పెట్టిన. గిప్పుడు గా మాట ఇంకోపారి చెప్పుండ్రి."

డాక్టరు గారు నా వైపు చూశారు. గొంతు సవరించుకుని, ఈసారి కాస్త గట్టిగా, మళ్ళీ మొదటి నుంచి చెప్పారు.